చాలీ చాలని జీతాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండళ్ళలో ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు కూర్చే సంపాదకవర్గాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఇంటర్వ్యూ గదిలో "మీ గురించి చెప్పండి" అనగానే, డిగ్రీ పూర్తిచేసిన కుర్రాడెవరో గొంతు సవరించుకుని "సర్, ఐ హార్డ్‌లీ వర్క్" అంటాడు. ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తానని అతని ఉద్దేశం. బల్లకి అటువైపు కూర్చున్నవాళ్ళకి వినబడేది మాత్రం "నేను పనిచేసేదెక్కడ సార్" అని. అదృష్టం కొద్దీ చాలామంది "ఐ వర్క్ హార్డ్‌లీ" అని క్రియ తరవాత పెడతారు. అప్పుడు ఇంగ్లీషు వచ్చినవారికి అది తప్పని తెలిసిపోతుంది, అసలు అర్థం వాళ్ళే ఊహించుకుంటారు. ఆ మాట క్రియకి ముందుకు జరిగితేనే చిక్కు. వ్యాకరణం నిక్షేపంగా ఉంటుంది, అర్థం తలకిందులవుతుంది. దిద్దుదామన్నా వినేవాడికి అక్కడ తప్పేమీ కనబడదు.

ఈ లేఖ ఆ ఒక్క క్రియావిశేషణం గురించి. ఇంత చిన్న మాటకి బహిరంగ లేఖ ఎందుకంటారేమో. ఇది బద్ధకం వల్ల వచ్చే తప్పు కాదు, శ్రద్ధగా చదివినందువల్ల వచ్చే తప్పు. అందుకే దీన్ని పుస్తకం రాసేవాళ్ళ దృష్టికే తేవాలి.

వెనక బెంచీ పిల్లవాడు "ఐ వర్క్ హార్డ్" అనేసి ఊరుకుంటాడు, అది ఒప్పే. ముందు బెంచీ పిల్లవాడికి విశేషణానికి చివర "లీ" చేరిస్తే క్రియావిశేషణం అవుతుందని తెలుసు. క్విక్ పక్కన క్విక్లీ, క్లియర్ పక్కన క్లియర్లీ, స్లో పక్కన స్లోలీ అని వల్లెవేశాడు. తెలుగులో "గా" చేసే పనే ఇంగ్లీషులో "లీ" చేస్తుందని కూడా గ్రహించాడు: వేగం వేగంగా అయినట్టు, స్పష్టం స్పష్టంగా అయినట్టు. ఇంత చక్కగా అర్థమైన సూత్రాన్ని హార్డ్ దగ్గర ఎందుకు ఆపుతాడు? రోడ్డు పక్కన "గో స్లో" అన్న బోర్డు చూసి స్లోలీ అని ఉండాల్సిందని మనసులో దిద్దుకునే పిల్లవాడు, అదే చేత్తో హార్డ్‌ని హార్డ్‌లీగా దిద్దేస్తాడు. అక్కడ స్లో, స్లోలీ రెండూ ఒకే అర్థం ఇస్తాయి, ఇక్కడ ఇవ్వవు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, మినహాయింపుల పట్టికలో ఆరో వరసలో చెప్పారు.

పైగా తెలుగు వాక్యం అతన్ని ఇంకో తోపు తోస్తుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది కాబట్టి, పని ఎలా జరిగిందో చెప్పే మాట ఎప్పుడూ దానికి ముందే వస్తుంది. "అతను కష్టపడి పనిచేస్తాడు" అన్న వాక్యాన్ని అదే వరసలో ఇంగ్లీషులోకి దింపితే "హీ హార్డ్‌లీ వర్క్స్" అవుతుంది. ఇంగ్లీషులో "హార్డ్" క్రియ వెనక ఉంటుంది: వర్క్ హార్డ్, రెయిన్ హార్డ్, థింక్ హార్డ్. "హార్డ్‌లీ" మామూలుగా క్రియకి ముందు, సహాయక క్రియ ఉంటే దాని తరవాత కూర్చుంటుంది: ఐ హార్డ్‌లీ నో హిమ్, ఐ కెన్ హార్డ్‌లీ హియర్. అంటే పిల్లవాడు మాటనీ మార్చాడు, చోటునీ మార్చాడు. ఆ రెండూ కలిసి నికార్సయిన ఇంగ్లీషు వాక్యమే అయింది, కాకపోతే అతను అనుకున్నదానికి పూర్తిగా ఎదురు.

అసలు ఈ మాటకి ఆ అర్థం ఎలా వచ్చింది? పాత ఇంగ్లీషులో హార్డ్‌కి క్రియావిశేషణ రూపం చివర ఒక చిన్న అచ్చు ఉండేది. కాలక్రమంలో ఆ అచ్చు రాలిపోయి విశేషణమూ క్రియావిశేషణమూ ఒకే రూపంలో మిగిలాయి. ఫాస్ట్ కథా ఇంతే. అటు హార్డ్‌లీ కూడా అప్పటికే ఉంది. 1200 ప్రాంతంలో దానికి గట్టిగా, బలంగా, శ్రమకోర్చి అనే అర్థాలే. మన ముందు బెంచీ పిల్లవాడు ఆ కాలంలో పుట్టి ఉంటే అతని వాక్యంలో అర్థం చెడేది కాదు. 15వ శతాబ్దంలో "అతి కష్టమ్మీద" అనే అర్థం పైకి వచ్చింది. 1540ల నాటికి అది మరో మెట్టు దిగి "జరిగీ జరగనంతగా" అనే నేటి అర్థానికి చేరింది. అతి కష్టమ్మీద జరిగే పని దాదాపు జరగనట్టే కదా, అక్కడినుంచి జారడం పెద్ద దూరమేమీ కాదు.

మధ్యమెట్టు మీద మాట ఎలా ఉండేదో చూడాలంటే 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు తెరవాలి. మత్తయి సువార్త 19వ అధ్యాయం 23వ వచనంలో, ధనవంతుడు పరలోక రాజ్యంలో ప్రవేశించడం గురించి చెప్పేచోట ఉన్న మాట హార్డ్‌లీ. దాని అర్థం "కష్టమ్మీద" అని. తరవాత వచ్చిన ఇంగ్లీషు అనువాదాలు ఆ మాటని తీసేసి కష్టం అనే అర్థమిచ్చే మాటలు పెట్టుకున్నాయి. తెలుగు బైబిలులో అక్కడున్న మాట దుర్లభం. ఇది గమనించదగ్గ సంగతి. దుర్లభం అంటే మొదట పొందడానికి కష్టమైనది, ఇప్పుడు వాడుకలో అరుదైనది, దొరకనిది. ఇంగ్లీషు మాట నడిచిన దారిలోనే ఈ సంస్కృత పదమూ నడిచింది. ఫ్రెంచివాళ్ళు, స్పానిష్‌వాళ్ళు, ఇటాలియన్లు హార్డ్‌లీ అనాల్సినచోట వాడే మాటల్లోనూ నొప్పి, ప్రయాస అనే అర్థమున్న పదమే దాగి ఉంది.

మరి "కష్టం" మాటేమిటి? "రేపు పెళ్ళికి వస్తున్నావా?" అని అడిగితే "కష్టమే" అంటారు. వస్తాను గానీ శ్రమపడి వస్తాను అని కాదు దాని అర్థం, దాదాపు రానని. "ఈసారి ఆయన గెలవడం కష్టం" అని ఎన్నికలప్పుడు టీ కొట్టు దగ్గర తీర్పు చెప్పేవాళ్ళు, "ఈ రాత్రి గడవడం కష్టమండీ" అని గొంతు తగ్గించి చెప్పే డాక్టరు, అందరూ వాడేది ఈ కష్టాన్నే. చెమటోడ్చే కష్టమూ ఇదీ ఒకటి కాదని తెలుగు పిల్లలకి ఐదేళ్ళకే తెలుసు. అంటే హార్డ్, హార్డ్‌లీల మధ్య ఉన్న తేడా వాళ్ళ నోట్లోనే ఉంది, పాఠం ఒక్కటే దాన్ని పలకరించడం లేదు.

ఈ లేఖ అసలు విన్నపం ఇదే. హార్డ్‌లీకి ఒక్క తెలుగు మాటలో అర్థం రాయబోతే ఎవరైనా తడబడతారు. "కష్టంగా" అంటే తప్పు. "అరుదుగా" అంటే సగం తప్పు, అది హార్డ్‌లీ ఎవర్‌కి సరిపోతుంది, మనవాళ్ళు దాన్నే "ఎప్పుడో గానీ" అంటారు. పోనీ "దాదాపు కాదు" అంటే, అలా మాట్లాడే తెలుగువాడెవరు? ఇంగ్లీషు ఒక క్రియావిశేషణంతో చేసే పనిని తెలుగు వాక్య నిర్మాణంతో చేస్తుంది. కాబట్టి ఇక్కడ పదానికి పదం ఇస్తే లాభం లేదు, వాక్యానికి వాక్యం ఇవ్వాలి.

మొదటి నిర్మాణం అన్నిటికన్నా అందమైనది: చాలీ చాలని జీతం, వినబడీ వినబడని మాట, తెలిసీ తెలియని వయసు, ఆరీ ఆరని బట్టలు. క్రియని ఒకసారి ఒప్పుకుని, వెంటనే కాదనడం. ఎ శాలరీ దట్ ఈజ్ హార్డ్‌లీ ఇనఫ్ అనే పొడుగు మాటని మన మామూలు గుమాస్తా మూడు పదాల్లో తేల్చేస్తాడు. ఇది పాఠంలో పెడితే పిల్లవాడు మళ్ళీ జన్మలో మరిచిపోడు. జాగ్రత్త ఒకటుంది: "తినీ తినీ మొహం మొత్తింది" అన్నప్పుడు ఉన్నది వేరే నిర్మాణం, అక్కడ కాదనడం లేదు. రెండో సగంలో వ్యతిరేకం ఉంటేనే హార్డ్‌లీ.

హార్డ్, హార్డ్‌లీల తేడా ప్రాణం మీదికి వచ్చే చోటు కూడా ఉంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు ఫోన్లో పెద్ద డాక్టరుకి రోగి పరిస్థితి చెబుతోందనుకోండి. "హీ ఈజ్ బ్రీతింగ్ హార్డ్" అంటే ఆయాసపడుతున్నాడని, రొప్పుతున్నాడని. "హీ ఈజ్ హార్డ్‌లీ బ్రీతింగ్" అంటే ఊపిరి ఆడీ ఆడకుండా ఉందని. మొదటిదానికి డాక్టరు రెండు ప్రశ్నలు అడగొచ్చు, రెండోదానికి పరుగెత్తుకు రావాలి. తెలుగులో చెప్పమంటే ఏ నర్సూ ఈ రెంటినీ కలగలపదు. ఇంగ్లీషులో "బ్రీతింగ్ హార్డ్‌లీ" అన్నదంటే అవతలి మనిషి ఎటు తీసుకోవాలి? విదేశాలకి వెళ్ళే నర్సులకి భాషా పరీక్షలు పెడతారు, ఆ పరీక్షల్లో ఉత్తరాలు రాయిస్తారు. అక్కడ ఈ మాట దిద్దుకోవచ్చు. ఇక్కడి వార్డులో మాత్రం అంత తీరిక ఉండదు.

రెండో నిర్మాణం "ఓ లేదో". "ఇంట్లో అడుగు పెట్టాడో లేదో కరెంటు పోయింది." "నోరు తెరిచానో లేదో ఫోను మోగింది." పోటీ పరీక్షలకి చదివే ప్రతి కుర్రాడూ కంఠతా పట్టే హార్డ్‌లీ హ్యాడ్, వెన్ అచ్చంగా ఇదే. చిత్రమేమిటంటే ఆ కుర్రాడికి హార్డ్‌లీతో వాక్యం మొదలుపెడితే సహాయక క్రియ కర్త ముందుకి రావాలని తెలుసు. దాని జోడీ వెన్ అని, నో సూనర్ జోడీ మాత్రం దెన్‌కి అన్నదమ్ముల్లా వినబడే దాన్ అని కూడా తెలుసు. తప్పు ఎక్కడుందో గుర్తించమంటే మూడు సెకన్లలో వేలు పెడతాడు. సూనర్ తారతమ్యాన్ని చెప్పే రూపం కాబట్టి దాని వెనక దాన్ వచ్చిందనే కారణం చెప్పినవాళ్ళు తక్కువ, అయినా జోడీ బాగానే గుర్తుంది. అదే కుర్రాడు ఇంటర్వ్యూకి వెళ్ళి "ఐ హార్డ్‌లీ వర్క్" అంటాడు. ఇంగ్లీషువాళ్ళు కూడా పుస్తకాల్లో తప్ప మామూలు మాటల్లో అంతగా వాడని నిర్మాణం మనవాళ్ళకి కొట్టిన పిండి, రోజూ వాడేది మాత్రం రాదు. ప్రశ్నపత్రం ఏది అడిగితే పిల్లలు అదే చదువుతారు, ఇందులో పిల్లల తప్పేమీ లేదు. 1930లలో వచ్చి ఇప్పటికీ మన బళ్ళలో, కోచింగు సెంటర్లలో తిరుగుతున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో కూడా హార్డ్, హార్డ్‌లీ జంట ఉంది. క్రియావిశేషణ రూపాల దగ్గర ఓ మూల రెండు వాక్యాల్లో ఉంది. అక్కడినుంచి మార్కుల ప్రశ్నగా ఎదగలేదు, అంతే.

"ఓ లేదో" విషయంలోనూ ఒక హెచ్చరిక రాయాలి. "వచ్చాడో లేదో తెలియదు" అన్నప్పుడు అది వెదర్, హార్డ్‌లీ కాదు. తరవాతి ముక్కలో ఒక సంఘటన వెంటనే జరిగితేనే హార్డ్‌లీ.

మూడోది సంఖ్యల దగ్గర పనికొస్తుంది: "సభకి పట్టుమని పదిమంది లేరు." హార్డ్‌లీ టెన్ పీపుల్. పట్టుమని అనే మాట మన పత్రికల్లో వారానికోసారైనా కనబడుతుంది. ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా బయటపడుతుంది. తెలుగు వాక్యంలో "లేరు" ఉంది, ఇంగ్లీషు వాక్యంలో నాట్ లేదు. మన దగ్గర వ్యతిరేకాన్ని క్రియ మోస్తుంది, వాళ్ళ దగ్గర హార్డ్‌లీ మోస్తుంది. ఇది తెలియనివాడు రెండు చోట్లా వ్యతిరేకం పెట్టి "దేర్ వర్ హార్డ్‌లీ నో పీపుల్" అంటాడు, "ఐ కాంట్ హార్డ్‌లీ హియర్" అంటాడు. రెండోదాన్ని కొన్ని మాండలికాల్లో ఇంగ్లీషువాళ్ళే అంటారు గానీ, రాతలో ఒప్పుకోరు. ఎనీ, ఎనీవన్, ఎవర్ అనేవి హార్డ్‌లీ పక్కన రావాలి, నో, నోవన్, నెవర్ రాకూడదు. వాక్యం చివర తగిలించే ప్రశ్న కూడా ఇందుకే తిరగబడుతుంది: "షీ హార్డ్‌లీ టాక్స్, డజ్ షీ?" అక్కడ డజంట్ అంటే తప్పు, ఎందుకంటే వాక్యం పైకి ఎలా కనబడినా లోపల వ్యతిరేకమే.

ఇక నాలుగోది. పాఠ్యపుస్తకాలు దీన్ని పట్టించుకోవడం అరుదు, కానీ పెద్దవాళ్ళ ఇంగ్లీషులో ఇదే ఎక్కువగా ఎదురవుతుంది. "ఇట్ ఈజ్ హార్డ్‌లీ సర్‌ప్రైజింగ్" అన్న వాక్యాన్ని "కాస్త ఆశ్చర్యకరంగా ఉంది" అని అర్థం చేసుకున్నవాళ్ళు కొల్లలు. దాని అర్థం "ఇందులో ఆశ్చర్యమేముంది?" అని. "దట్స్ హార్డ్‌లీ ఫెయిర్" అంటే "అదేం న్యాయం?" "దిస్ ఈజ్ హార్డ్‌లీ ద టైమ్" అంటే "ఇదా సమయం?" "హీ ఈజ్ హార్డ్‌లీ ఎ చైల్డ్" అంటే "వాడేమన్నా చిన్నపిల్లాడా?" ఇక్కడ హార్డ్‌లీకి "కొంచెం", "దాదాపు" అనే అర్థాలు పెట్టి లాభం లేదు. బొత్తిగా కాదు అని చెప్పడానికి ఇంగ్లీషువాడు గొంతు పెంచకుండా వాడే మర్యాద మాట ఇది. తెలుగువాడు అదే పనికి జవాబక్కర్లేని ప్రశ్న వేస్తాడు. లండన్ ఆఫీసునుంచి వచ్చిన మెయిలులో "హార్డ్‌లీ ఐడియల్" అని ఉంటే, అది బాగోలేదని, మార్చమని. "కొద్దిగా బాగుంది" అని సంతోషపడితే మర్నాటి మీటింగులో తలవంపులు తప్పవు.

ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినబడకూడదని కొందరు ఉపాధ్యాయులు పట్టుబడతారు. వాళ్ళ భయం అర్థం చేసుకోదగ్గదే: ఒకసారి తలుపు తీస్తే పాఠమంతా తెలుగులోనే నడుస్తుందని. కానీ ఇప్పటికే ఆ తలుపు మీరు తీసిపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వస్తున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇంటి భాష వేరైన పిల్లలకి రెండు భాషల సామగ్రి వాడమనే చెప్పింది. కిరణజన్య సంయోగక్రియని రెండు భాషల్లో చెప్పగా లేనిది, ఇంగ్లీషు రీడరులో తెలుగు సాయం నిజంగా అవసరమైన నాలుగు చోట్ల ఇవ్వడానికి అభ్యంతరం ఎందుకు? రీడరంతా తెలుగు చేయమని ఎవరూ అడగడం లేదు. క్విక్లీకి తెలుగు అక్కర్లేదు. హార్డ్‌లీకి కావాలి.

దీనికి అరపేజీ చాలు. ఎనిమిదో తరగతిలో పెడితే బాగుంటుంది, అప్పటికి "లీ" సూత్రం వంటబట్టి పాడుచేయడం మొదలుపెడుతుంది. ఆ అరపేజీలో నిర్వచనం వద్దు. ఎడమవైపు చాలీ చాలని, అడుగు పెట్టాడో లేదో, పట్టుమని పదిమంది, ఇదా సమయం అనే నాలుగు తెలుగు వాక్యాలు, కుడివైపు వాటి ఇంగ్లీషు. కింద కష్టపడి చదివాడు, వాన గట్టిగా కురిసింది లాంటి రెండు వాక్యాలు హార్డ్‌తో. లేట్, లేట్లీ, నియర్, నియర్లీ లాంటి జంటల్ని అదే పేజీలోకి తోయాలనే ఉత్సాహాన్ని దయచేసి ఆపుకోండి. అవన్నీ ఒకేచోట పేర్చినందువల్లే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టుబడలేదు. లేట్లీ అంటే ఈమధ్య అని మరో పాఠంలో చెప్పుకోవచ్చు.

ప్రశ్నపత్రంలో కూడా చోటు ఇవ్వాలి, లేకపోతే అరపేజీని ఎవరూ తిప్పి చూడరు. తప్పు గుర్తించే ప్రశ్న బదులు తెలుగు వాక్యం ఇచ్చి ఇంగ్లీషులో చెప్పమనండి. మొదటి ఏడాదికి పనికొస్తాయనుకుంటే ఈ మూడూ వాడుకోండి:

వాన దంచి కొడుతోంది.

వాన పడీ పడనట్టుగా ఉంది.

ఈ వానలో ఎవరొస్తారండీ?

మొదటిదానికి హార్డ్, రెండోదానికి హార్డ్‌లీ. మూడోదాన్ని కొందరు హార్డ్‌లీ ఎనీవన్ అని రాస్తారు, కొందరు ఇంగ్లీషులోనూ ప్రశ్నగానే రాస్తారు. రెండింటికీ పూర్తి మార్కులు వేయాలని ఉపాధ్యాయుల కరదీపికలో ముందే రాసిపెట్టండి. లేకపోతే పేపరు దిద్దే చోట తగాదా వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు